ఆరో రోజు, ఏడో రోజు

మా బళ్లో లెక్కల మాస్టారిని పిల్లలు క.సా.గు. మాస్టారనేవారు. తప్పు వాళ్లది కాదు. కనిష్ఠ సామాన్య గుణిజం పాఠం వచ్చిందంటే ఆయనకు పూనకమే. ఉదాహరణ కోసం గంటలూ దీపాలూ వెతుక్కునే బాధ ఆయనకు లేదు, సొంత కాపురమే ఉంది.

"మా ఆవిడ ఆసుపత్రిలో నర్సు. ఐదు రోజులు డ్యూటీ, ఆరో రోజు సెలవు. నాకు ఏడో రోజు, ఆదివారం. ఇవాళ ఇద్దరికీ సెలవైతే మళ్లీ ఎప్పుడు కలుస్తుంది?" అని అడిగి, బోర్డు మీద ఆరుకి గుణిజాలు ఒక వరుస, ఏడుకి గుణిజాలు ఒక వరుస రాసేవారు. రెండు వరుసల్లోనూ మొదట కనిపించే నలభై రెండు చుట్టూ సున్నా చుట్టి మురిసిపోయేవారు. ఆరుకీ ఏడుకీ ఒకటి తప్ప ఉమ్మడి కారణాంకం లేదు కాబట్టి రెంటినీ హెచ్చవేస్తే చాలని పైన కొసరు. పక్క గదిలో బొమ్మలు నేర్పే నాకు ఇదంతా గోడ దాటి వినిపించేది.

ఆవిడ కోరిక పెద్దదేం కాదు. వారానికో పూటైనా ఇద్దరూ ఒకచోట కూర్చుని వేడివేడిగా తినాలి. మామూలు రోజుల్లో ఒకరు వండి మూతపెట్టి వెళితే ఇంకొకరు చల్లారింది తినేవారు. ఒక్క రోజు సెలవు పెట్టమని అడిగితే మాస్టారు లెక్క కట్టి, ఫలానా తేదీన ఎలాగూ కలుస్తుంది, తొందరెందుకన్నారట. మా ఇంట్లో ఆ మాట చెప్పి ఆవిడ నవ్వింది. నాకు మాత్రం ఒళ్లు మండింది.

చివరకు హెడ్ నర్సు కాళ్లావేళ్లా పడి, ఆవిడ తన సెలవును ఆదివారానికి మార్పించుకుంది. మర్నాడు మాస్టారు స్టాఫ్ రూములో దిగాలుగా కూర్చున్నారు. సంతోషించాల్సింది పోయి ఈ వాలకమేమిటని అడిగాను.

"ఏడుకీ ఏడుకీ క.సా.గు. ఏడే కదండీ. అందులో పిల్లలకు చెప్పడానికేముంది?"

కాపురమనే ఉదాహరణ చేజారిన ఆ పాఠానికి కొత్త ఉదాహరణలు కట్టి, పిల్లలకు ప్రత్యేక తరగతులు పెట్టారాయన. మిగతా రోజుల్లో గది ఖాళీ ఉండదు కనక ఆదివారాలు పెట్టారు. మొదటి ఆదివారం ఆవిడ రెండు కంచాలు పెట్టుకుని పొద్దుపోయేదాకా చూసింది. తర్వాతి ఆదివారమూ అంతే. ఉండబట్టలేక నేనే కలగజేసుకున్నాను.

"సెలవెక్కడికి పోతుందండీ, ఇప్పుడు ప్రతి ఆదివారమూ ఉంటుందిగా" అన్నారు మాస్టారు.

ఆవిడ మళ్లీ హెడ్ నర్సు దగ్గరికి వెళ్లి, పాత సెలవే ఇప్పించమంది. అంతలా బతిమాలి మార్పించుకుని ఇదేం చోద్యమని ఆమె విసుక్కుంది.

"అప్పుడైతే నలభై రెండు రోజులకోసారైనా ఇంట్లో ఉండేవారండీ" అంది ఆవిడ.