పది లెక్కపెట్టే లోపు

మా ఆయన మిలటరీలో ఇరవై నాలుగేళ్లు ట్రక్కులు నడిపారు. రిటైరయ్యాక, సైనిక్‌పురిలో నేను పాఠాలు చెప్పే స్కూల్లోనే బస్సు డ్రైవరుగా కుదిరారు. ఉమ్మడి రాష్ట్రం రోజులవి. మిలటరీ డ్రైవరు దొరికాడని మా ప్రిన్సిపాల్ మేడమ్ మురిసిపోయింది. నేను రోజూ ఆయన వెనక సీట్లో ఒక పొడవాటి స్కేలు పట్టుకుని కూర్చునేదాన్ని. పిల్లల్ని అదుపులో పెట్టడానికని అందరూ అనుకునేవారు. అది ఆయన వీపులో పొడవడానికి.

ఆయనకు నిద్రలో ఊపిరి ఆగుతుంది. స్లీప్ ఆప్నియా అని సర్వీసు చివర్లో, ఇంటికి పంపే ముందు చేసే పరీక్షలో బయటపడింది. అంతసేపు గురక పెట్టిన మనిషి దగ్గర్నుంచి ఉన్నట్టుండి ఏ చప్పుడూ రాదు. ఛాతీ లేవదు. నేను పది లెక్కపెట్టి భుజం పట్టి కుదుపుతాను, నీళ్లలో మునిగి పైకొచ్చినట్టు గాలి లాక్కుంటారు. రాత్రంతా అలా తెగిన నిద్ర పగలు వచ్చి మీద పడుతుంది. ముక్కుకు తగిలించుకునే మిషన్ ఒకటి ఇచ్చారు. గ్యాస్ మాస్కు డ్రిల్లు లాగుందని ఆయన దాన్ని నెల తిరక్కుండానే అటకెక్కించారు.

నాకు భయం. ఆయన ఆ బస్సు నడిపిన రెండేళ్లూ నేను పడ్డ భయం ఇంతా అంతా కాదు. యాప్రాల్ దాటాక అప్పట్లో రోడ్డు ఖాళీగా ఉండేది. ఖాళీ రోడ్డు రాగానే స్కేలు ఎత్తి పట్టుకునేదాన్ని, ఎందుకంటే కునుకు అక్కడే వస్తుంది. వెనక ముప్పై మంది పిల్లలు అరుస్తూ ఆడుకుంటుంటారు. అద్దంలో ఆయన కనురెప్పలు వాలడం చూస్తాను, స్కేలుతో పొడుస్తాను, ప్రార్థన చేస్తాను, మళ్లీ పొడుస్తాను. ఆదివారం చర్చిలో అందరితో పాటు ఆమెన్ అంటూనే సిగ్గుతో చచ్చేదాన్ని. స్కూల్లో చెబితే ఉద్యోగం పోతుంది. చెప్పకపోతే ఏం పోతుందో తలచుకోవడానికే ధైర్యం లేదు.

డిసేబిలిటీ పెన్షన్ వస్తే ఆయన ఆ స్టీరింగ్ వదిలేయవచ్చు. దరఖాస్తు పెట్టాం. ఈ జబ్బుకీ సర్వీసుకీ సంబంధం లేదని తిప్పి పంపారు. కారణం చదివి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. సర్వీసులో ఒక్కసారైనా ఒంట్లో బాగాలేదని చెప్పినట్టు రికార్డులో లేదట. ఉండదు మరి! చుట్టాలు వస్తే ఆయన గొప్పగా చెప్పుకునేదే అది. "ఇరవై నాలుగేండ్లల ఒక్క సిక్ రిపోర్టు సుత లేదు" అనేవారు. సిక్ అన్నవాణ్ణి తోటివాళ్లు ఏడిపిస్తారు, పైవాళ్లు ప్రమోషన్ ఆపుతారు. అందుకని బారక్‌లో ఈయన ఊపిరి ఆగినప్పుడల్లా పక్క మంచం మీదివాడు బూటు విసిరేవాడట. అదే వైద్యం.

అప్పీలు నేనే రాశాను, ఆ బూటు సంగతితో సహా. కొన్ని నెలలకు మళ్లీ మెడికల్ బోర్డు ముందుకు రమ్మని పిలుపు వచ్చింది. వారం రోజులు ఆయనతో ఎక్కాలు వల్లె వేయించినట్టు వల్లె వేయించాను. "బస్సు నడుపుతుంటె కునుకు వస్తదని సుత చెప్పుండ్రి. ఏం దాయకుండ్రి." సరే సరే అన్నారు. ఆ పొద్దున గడ్డం నున్నగా గీసుకుని, బూట్లకు రెండుసార్లు పాలిష్ పెట్టారు. నాకు అప్పుడే అనుమానం రావాల్సింది.

లోపలికి వెళ్లిన మనిషి ఐదు నిమిషాల్లో బయటికొచ్చారు.

"ఏం చెప్పిన్రు?" అన్నాను.

"సాబ్ ఎట్లున్నవ్ అని అడిగిన్రు. ఏక్‌దమ్ ఫిట్ సాబ్ అన్న."

"అయ్యో, ఎందుకన్నరట్ల?"

"సాబ్ అడిగితే అట్లనే అంటం కదా" అన్నారు, నేనేదో తెలివితక్కువ ప్రశ్న వేసినట్టు. తర్వాత ఆయనకే అర్థమై ముఖం వాడిపోయింది. "జెర ఆగు, పరేషాన్ కాకు" అంటూ వరండాలో బెంచీ మీద కూలబడ్డారు. కాగితాల కోసం ఉండమన్నారు. రెండు నిమిషాలు కాలేదు, తల గోడకు ఆనింది, గురక మొదలైంది.

ఆ గురక ఆగింది.

అలవాటుగా నా చేయి లేచింది. గది తలుపు తెరిచే ఉంది. లోపల బల్ల దగ్గర ఆ సాబే, బోర్డులోని మిలటరీ డాక్టరు, ఏదో రాసుకుంటున్నారు. ఆ డాక్టరు తల ఎత్తితే చాలు, చూస్తారు. నేను చేయి దించి ఒళ్లో పెట్టుకుని రెండో చేత్తో గట్టిగా పట్టుకున్నాను. పది అయింది. డాక్టరు తల ఎత్తలేదు. పదిహేను. మా ఆయన పెదాలు నల్లబడుతున్నాయి. ప్రభువా, ఇంకొక్కటి, ఇంకొక్కటి అనుకుంటున్నాను. ఒక కాగితం కోసం ఈ మనిషిని నా చేతులతో నేనే చంపుకుంటున్నానా అనిపించింది. చివరికి "సార్!" అని కేక పెట్టాను.

డాక్టరు పరుగున వచ్చారు. డాక్టరు చూస్తుండగానే మా ఆయన పెద్ద శబ్దంతో గాలి పీల్చి కళ్లు తెరిచారు. ఎదురుగా ఆఫీసరు కనపడగానే లేచి అటెన్షన్‌లో నిలబడ్డారు.

"ఏక్‌దమ్ ఫిట్ సాబ్!"

ఎవరూ నవ్వలేదు.

"ఈయన స్కూల్ బస్సు నడుపుతరు సార్" అన్నాను. నోరు విప్పాక ఇక ఆగలేదు. స్కేలు సంగతి, అటకెక్కిన మిషన్ సంగతి, అన్నీ చెప్పేశాను. మా ఆయన గోడ వైపు చూస్తూ అలాగే నిలబడి విన్నారు. డాక్టరు ఆయన్ని మళ్లీ లోపలికి తీసుకెళ్లి, ఈసారి తలుపు వేసి, చాలాసేపు కూర్చోబెట్టారు.

మర్నాడు ఇద్దరం వెళ్లి బస్సు తాళాలు ప్రిన్సిపాల్ మేడమ్ బల్ల మీద పెట్టి ఉన్నదంతా చెప్పాం. ఆవిడ నన్ను చూసిన చూపు నాకు దక్కాల్సిందే. ఇంటికొచ్చాక అటక మీంచి మిషన్ ఆయనే దింపారు. అప్పీలు ఒప్పుకున్నామన్న కవరు ఆరేడు నెలలకు వచ్చింది. ఆయన రెండుసార్లు చదివి, మడిచి నా చేతిలో పెట్టి, ఎటో చూస్తూ అడిగారు.

"ఆ దినం బెంచీ మీద ఎంత దాంక లెక్కపెట్టినవ్?"

"పది" అన్నాను. "ఎప్పటి తీరుగనే."

ఆయన తల ఊపారు. ఆ రోజు నేను ముప్పై ఒకటి దాకా లెక్కపెట్టాను.