సారును మందలించిన నేరం

నా చిన్నప్పుడు, శంషాబాద్‌లో విమానాలు కొత్తగా దిగుతున్న రోజుల్లో, మా బాపు అక్కడి ఓ హోటల్లో దుప్పట్లు ఉతికే పని చేసేవాడు. పక్కనే సాతంరాయిలో మాకున్న చెలక భూమి అప్పటికే అమ్ముడైపోయింది. ఆ పని పోతే మాకింకో దారి లేదు. సరిగ్గా ఆ పనే పోయింది.

కారణం తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది. గుంటూరు వైపు నుంచి వచ్చిన వాళ్ళ సూపర్‌వైజర్ సారుకు తల్లి చనిపోయింది. ఆయన పనిలోకి తిరిగి వచ్చిన రోజు బాపే దగ్గరికెళ్ళి రెండు మంచి మాటలు మాట్లాడి, తోటివాళ్ళతో "సారును మందలిచ్చిన" అన్నాడు. అది చెవిన పడి, తనకు చివాట్లు పెట్టానని బాపు చెప్పుకుంటున్నాడని ఆ సారు మండిపడ్డాడు. అందరిముందు నిలదీస్తే మా బాపు, "అవు, మందలిచ్చిన. తప్పేంది?" అన్నాడు. ఇంకేం, ఒప్పుకున్నాడని గేటు బయట నిలబెట్టారు.

క్షమాపణ రాసిస్తే తీసుకుంటామన్నారు. చెయ్యని తప్పుకు రాసివ్వనని బాపు మొండికేశాడు. కోర్టుకెక్కితే ఏళ్ళు పడుతుందన్నారు తెలిసినవాళ్ళు. ముందుకు పోలేక, వెనక్కి రాలేక, మనిషి రోజంతా గోడకు ఆనుకుని కూర్చునేవాడు. అన్నానికి పిలవాలన్నా మాకు భయం వేసేది.

చివరికి రాజీ కోసం లేబర్ ఆఫీసులో ఇద్దర్నీ పిలిచారు. బడికి సెలవని బాపు నన్నూ తీసుకెళ్ళాడు. రాజీ కుదిర్చే అధికారి మా ప్రాంతం మనిషే. ఇద్దరి మాటా విని, కాగితాలు పక్కకు జరిపి, "సార్, మీరొకసారి ఈయన్ని మందలించండి, వింట" అన్నాడు.

సూపర్‌వైజర్ సారు ఇబ్బందిపడుతూనే గొంతు పెంచాడు. "ఏమయ్యా, పని చేసే పద్ధతి ఇదేనా? ఇంకోసారి ఇలా చేస్తే ఊరుకోను."

"ఇగ నువ్వు సారును మందలించు" అన్నాడు అధికారి బాపుతో.

బాపు తల వంచుకుని, "సార్, అమ్మ పోయిందంట గద. జర పైలం. తింటున్నవా లేదా?" అన్నాడు.

"మీరు పలకరించడం అంటరు గద సార్, మా దిక్కు దాన్నే మందలించుడంటం" అన్నాడు అధికారి.

సూపర్‌వైజర్ సారు కుర్చీ బాపు వైపు తిప్పుకున్నాడు. "ఆ రోజు నన్ను తిన్నావా అని అడిగింది నువ్వొక్కడివేనయ్యా" అన్నాడు.

మర్నాడు బాపు పనిలోకి వెళ్ళాడు. నేనే ఆ గదిలోంచి ఇంకా పూర్తిగా బయటికి రాలేదు. ఇప్పుడు నా పిల్లలు తప్పు చేశామని వాళ్ళంతట వాళ్ళే ఒప్పుకున్నా, ఏం చేశారో మొదట్నుంచీ చెప్పించుకోకుండా కోప్పడను. కోర్టుకే వెళ్ళి ఉంటే బాపు అక్కడా నిజమే చెప్పేవాడు. ఆ నిజంతోనే ఓడిపోయేవాడు.