ఇరవై అయిదు వేల దిండు గలీబు

మా చిన్నప్పుడు పరాయి దేశానికి పార్సిల్ పంపాలంటే ముందు సూదీ దారం కావాలి... పెట్టె చుట్టూ తెల్లగుడ్డ కుట్టి, కుట్టు మీద లక్క కరిగించి ముద్ర వేస్తేనే పోస్టాఫీసులో తీసుకునేవారు. ఆ గుడ్డ మా అమ్మమ్మ కుట్టింది. దాని మీద అడ్రసు నేను రాశాను. నాకప్పుడు పదకొండేళ్లు.

మాది మొగల్తూరు దగ్గర పల్లెటూరు. నాకు ఊహ తెలియకముందే నాన్న పోయారు. అమ్మ కువైట్‌లో ఒకరింట్లో వంటపని చేసేది. నేను అమ్మమ్మ దగ్గర ఉండేదాన్ని. సాయంత్రమయ్యేసరికి వీధిలో పిల్లలందరినీ వాళ్ల అమ్మలు అన్నానికి పిలిచేవారు. నన్ను అమ్మమ్మ పిలిచేది... ప్రేమగానే పిలిచేది. అయినా అది వేరు.

మా ఊరి ఆడవాళ్లంతా అరుగుల మీద కూర్చుని లేసు అల్లేవారు. నేనూ నేర్చుకున్నాను. ఒక వేసవి సెలవులంతా కూర్చుని అమ్మ కోసం దిండు గలీబు చుట్టూ లేసు అల్లాను. మూడుసార్లు వంకర పోతే మూడుసార్లూ విప్పేశాను. రోజూ అమ్మ దాని మీద తల పెట్టుకుని పడుకోవాలి, అదీ నా ఆశ. ఏం పంపుతున్నామో ఫోన్లో చెప్పొద్దని అమ్మమ్మ చేత ఒట్టు వేయించుకున్నాను. విప్పి చూసి అమ్మ ఆశ్చర్యపోవాలి కదా మరి!

నరసాపురం పోస్టాఫీసులో ఒక ఫారం ఇచ్చారు. లోపల ఏముంది, దాని విలువెంత... అంతా ఇంగ్లీషులో నింపాలి. విలువ దగ్గర ఆగాను. తక్కువ రాస్తే ఏ మూలో పడేస్తారు, ఎక్కువ రాస్తే బంగారంలా చూసుకుంటారు అని నా లెక్క. ఇరవై అయిదు వేలు అని రాసేశాను. అబ్బో, ఏం తెలివండీ నాది!

గుమాస్తా గారు అది చూసి, ఇంత రాస్తే అక్కడి కస్టమ్స్ వాళ్లు పన్ను వేస్తారు, అది తీసుకునేవాళ్లే కట్టుకోవాలి అని చెప్పారు. చెప్పలేదనడానికి లేదు. అమ్మమ్మే వినలేదు.

“స్టాంపులకి కట్టేశాం కదండి. కన్నకూతురికి పంపుకుంటే మళ్లీ పన్నేంటండి? పిల్ల వేళ్లు పుండ్లు పడేలా అల్లింది. అంత విలువా ఉంటుందండి.”

ఆయన ముద్ర వేసేశారు.

అమ్మ నెలకోసారి ఎస్టీడీ బూత్‌కి ఫోన్ చేసేది. అందిందా అని అడిగితే రెండు నెలలు ఇంకా రాలేదంది. మూడో నెల, “తర్వాత చెబుతాలే తల్లీ” అని మాట మార్చేసింది. అయిదో నెలలో పార్సిల్ తిరిగి మా గుమ్మంలోకే వచ్చింది... మీద ఏవేవో ముద్రలు, తెలియని అక్షరాలు. లక్క కూడా చెదరలేదు. మీ అమ్మ తీసుకోలేదమ్మా అన్నాడు పోస్ట్‌మాన్.

అంత ఏడుపు నేను మళ్లీ ఎప్పుడూ ఏడవలేదు. నేను అమ్మకి అక్కర్లేదు అని తేల్చేసుకున్నాను. ఆ వారమే, ఊళ్లో అల్లిన లేసు కొనుక్కెళ్లే షావుకారు వస్తే గలీబు ఆయన చేతిలో పెట్టేశాను. ఆ తర్వాత అమ్మ ఫోన్ చేస్తే కడుపునొప్పి అని చెప్పించి బూత్‌కి వెళ్లలేదు. ఆ పైనెలా అంతే. మొండిఘటాన్ని!

నేను ఇంటర్‌లో ఉండగా అమ్మమ్మ పోయింది, అమ్మ వచ్చేసింది. పోట్లాడుకున్నామా అంటే లేదు. తిన్నావా, తిన్నాను... అంతవరకే. ఒకే గదిలో పక్కపక్కనే పడుకునేవాళ్లం. అమ్మ దగ్గర లేనప్పటికంటే అప్పుడే ఎక్కువ ఒంటరిగా అనిపించేది నాకు.

ఇప్పుడు రాజమండ్రిలో ఒక కొరియర్ కౌంటర్‌లో పనిచేస్తున్నాను. రోజూ ఆ ఫారాలే. రాసిన విలువ మీదే పన్ను పడుతుందని, ఆ రోజు గుమాస్తా గారు చెప్పింది ఇదేనని చేరిన మొదటి నెలలోనే తెలిసింది. తెలిసీ అమ్మని అడగలేదు. అడిగితే తప్పు నాదని ఒప్పుకోవాలి కదా...

మొన్న ఒక పెద్దావిడ మనవరాలికి స్వెట్టర్ పంపుతూ, జాగ్రత్తగా తీసుకెళ్తారు, విలువ ఎక్కువ రాయమ్మా అంది. ఆదివారం భోజనాల దగ్గర అమ్మకి ఆ మాట నవ్వుతూ చెప్పాను. అమ్మ నవ్వలేదు. అన్నం కలపడం ఆపేసింది.

“నీ పార్సిల్ కోసం నేను అక్కడి పోస్టాఫీసుకి వెళ్లానే. సెలవు అడుక్కుని రెండుసార్లు వెళ్లాను. జీతం మీకు పంపేశాక అంత పన్ను కట్టడానికి నా దగ్గరేముంది? పైనెల జీతం రాగానే తెచ్చుకుందామనుకున్నాను. ఈలోపే వెనక్కి పంపేశారు. రెండోసారి వెళ్లినప్పుడు గుడ్డ మీద నీ రాత కనబడుతుంటే, ఒక్కసారి పట్టుకుని ఇచ్చేస్తానని బతిమాలాను. పట్టుకోనిచ్చారు.”

ఇన్నేళ్లూ ఎందుకు చెప్పలేదని అడిగాను.

“అంత విలువ రాసింది నువ్వేగా. తెలిస్తే నిన్ను నువ్వే తిట్టుకుంటావు. నా మీద కోపమంటావా... పడతాను.”

 అమ్మే మళ్లీ అడిగింది.

“ఇంతకీ అందులో ఏం పంపావే?”

అప్పుడు తట్టింది, అమ్మకి అది కూడా తెలియదని. ఫారం మీద ఇంగ్లీషు చదవడం రాదు. అడిగే చనువు నేనివ్వలేదు. దిండు గలీబు అని చెప్పాను. షావుకారికి ఇచ్చేశానని చెప్పడానికి మాత్రం నోరు రాలేదు.

ఇప్పుడన్నీ సులువైపోయాయండి... కావాలంటే ఆ పన్ను కూడా పంపేవాళ్లే ముందుగా కట్టేయొచ్చు. పెట్టె ఏ ఊళ్లో ఆగిందో, ఎందుకాగిందో ఫోనే చెబుతుంది. అప్పుడు మనిషి చెబితేనే తెలిసేది. నేను వినడానికి వెళ్లలేదు...

మీలో ఎవరికైనా పంపింది అలా తిరిగొచ్చిందా? వస్తే ఎవరి మీద అలిగారు, ఎన్నాళ్లు? నేనైతే ఇరవై ఏడేళ్లు.