సముద్రం కింద మా నాయిన

వాన పడ్డ మర్నాడు జనగామలో రైలు పట్టాల కిందినుంచి పోయే దారి నిండా నీళ్ళు నిలుస్తాయి. బస్సు ఆగిపోతుంది, రఘునాథపల్లి నుంచి నాతోపాటు రోజూ వచ్చేవాళ్ళు టైము చూసుకుని సర్కారును తిట్టుకుంటారు, ఒక మూల డీజిల్ ఇంజను డుబుడుబుమంటూ నీళ్ళు తోడుతుంటుంది. నాకూ కోపం రావాలి, ఆఫీసులో ఆలస్యానికి మాటలు పడేదాన్నే కదా. కానీ తడిసిన సిమెంటు వాసనా, డీజిల్ పొగా, బురదా కలిసి ముక్కుకు తగిలాయంటే చాలు, నాకు ఏడెనిమిదేళ్ళ వయసు వచ్చేస్తుంది. నీళ్ళు పైనున్నాయో కిందున్నాయో తెలియని పాత తికమక మళ్ళీ పట్టుకుంటుంది.

మాది గూడూరు అవతల, అడవి అంచున ఉన్న చిన్న ఊరు. ఊరికి ఒక చెరువు, చెరువుకు కట్ట, కట్ట మీద బండ్ల బాట, కట్ట కింద తూము. మాది నీరటి ఇల్లు, అంటే తూము తీసి ఎవరి మడికి ఎన్ని నీళ్ళు పోవాలో చూసే ఇల్లు. అందుకు కోతలప్పుడు ప్రతి కల్లంలోంచీ మాకు ఇన్ని వడ్లు పెట్టేవారు. తాత నీరటి, తాత తర్వాత నాయిన. నేను పుట్టకముందు ఒక వానాకాలం కట్టకు గండి పడుతుంటే ఇసుక బస్తా భుజాన వేసుకుని దిగిన తాత మళ్ళీ పైకి రాలేదట. ఆ సంగతి మా ఇంట్లో ఎవరూ పూర్తిగా చెప్పేవారు కాదు, సగం చెప్పి లేచి ఇంకో పనిలో పడేవారు.

నా చిన్నతనమంతా ఆ కట్ట మీదే గడిచింది. వానాకాలం చెరువు నిండి మత్తడి దుంకుతుంటే, అంటే అలుగు పారుతుంటే, కింద పాత చీర పట్టుకుని పరక చేపలు పట్టేవాళ్ళం, నాయినమ్మ వాటిని చింతపులుసు పోసి చిక్కగా వండితే వాడకట్టంతా మా పొయ్యి వైపే చూసేది. బతుకమ్మ పండుగకు తంగేడు పూలు తెచ్చి చేతులు పచ్చబడేవి, సత్తుపిండి బుక్కినాక నవ్వితే పొరపోయేది. చలికాలం సర్వపిండి, అందులోనూ గిన్నె అడుగున కరకరలాడే ముక్క కోసం నేను అలిగి సాధించుకునేదాన్ని. ఎండలు ముదిరితే ముంజలు, తిన్నాక ఆ కాయలతోనే బండ్లు చేసి కట్ట పొడుగునా తోలుడు, ఎవరి బండి ముందు పోయిందని కొట్లాట.

ఆ ఎండాకాలం చివరే తూము శుభ్రం చేసేవారు. నాయిన లోపలికి పాక్కుంటూ పోయి పూడికా, చెట్ల వేళ్ళూ తీసుకుంటూ కట్ట అవతల కాలువలో తేలేవాడు. తూము మర తిప్పడానికి పొడుగాటి ఇనుప పిడి ఒకటుండేది. మనిషి లోపల ఉన్నంతసేపూ ఆ పిడి తూము దగ్గర ఉండకూడదు, నీరటి ఇంటి ఆడమనిషి ఒడిలో ఉండాలి, అది మా ఊరి కట్టుబాటు. నాయినమ్మ కట్టమైసమ్మ రాయి పక్కన కూర్చుని, పిడి ఒడిలో పెట్టుకుని, చుట్ట కూడా ముట్టించకుండా అటే చూసేది. అవతలినుంచి నాయిన బురద మొహంతో 'వచ్చిన' అని కేకేస్తేనే లేచేది. ఇంకెవరు చెప్పినా కదిలేది కాదు, లోపలికి పోయిన మనిషే తన నోటితో చెప్పాలి.

వానలు వరసగా ఎగ్గొట్టి చెరువు నిండకపోయేసరికి కల్లాల్లో వడ్లు తగ్గాయి. నాయిన ఒక ఏజెంటును పట్టుకుని దుబాయి పోయాడు, తూము పని నాయినమ్మ చేతికొచ్చింది. ఊళ్ళో ఫోను పటేలు ఇంట్లోనే ఉండేది. పటేలంటే ఊళ్ళో అందరికంటే ఎక్కువ పొలమున్న ఆసామి, ముక్కు మీద కోపం, కానీ నాయిన ఫోను వస్తే జీతగాణ్ణి ఉరికించి మరీ మమ్మల్ని పిలిపించేవాడు. నాయిన కబుర్లు వింటుంటే నాకు మతిపోయేది. అక్కడ సముద్రంలో మట్టి పోసి ఒక దీవి చేశారట, దాని మీదికి కార్లు పోవడానికి సముద్రం అడుగునుంచి రోడ్డు వేస్తున్నారట. అటూ ఇటూ కట్టలు పోసి, మధ్యలో నీళ్ళన్నీ మోటర్లతో తోడి, ఎండిన అడుగున సిమెంటుతో సొరంగం కడుతున్నారట.

నాకు తెలిసిన లోకంలో కట్ట మీద బండ్లు పోతాయి, కింద తూములోంచి నీళ్ళు పోతాయి. అక్కడ నీళ్ళు మీద, బండ్లు కింద! పలక మీద గీసి చూశాను, పలక తిరగేసి కూడా చూశాను. చేపలు కార్లను చూస్తాయా, బయట వాన పడితే లోపలివాళ్ళకు ఎట్లా తెలుస్తుంది? బడిలో సారును అడిగితే ముందు ఎక్కాలు అప్పజెప్పమన్నాడు. నాయినమ్మకు మాత్రం ఏ తికమకా లేదు. కట్ట పోయడం, నీళ్ళు తోడడం తను పుట్టి బుద్ధెరిగినప్పటినుంచీ చూస్తున్న పనే. కొడుకు అక్కడ కూడా నీరటేనని ఊరంతా చెప్పుకుని మురిసిపోయింది.

యాసంగి వరి పొట్టకొచ్చిన రోజుల్లో వచ్చిన ఫోనుతో ఆ మురిపెం కాస్తా పోయింది. సొరంగం పూర్తయిందట, ఇక కట్టలు తెంపి సముద్రాన్ని దాని మీదికి విడుస్తారట, ఆ బరువుకు లోపల ఎక్కడైనా నీళ్ళు ఊరుతున్నాయేమో చూసే మనుషుల్లో నాయిన ఉన్నాడట. నాయినమ్మ ఫోనును చెవికి ఇంకా గట్టిగా ఒత్తుకుంది. తెగే కట్టను ఆపబోయి ప్రాణం పోగొట్టుకున్న ఇల్లు మాది. కావాలనే కట్ట తెంపే మనుషులుంటారని, తెంపేటప్పుడు కింద మనిషిని ఉంచుతారని ఆమె ఏనాడూ వినలేదు.

"లోపట నువ్వుంటవా?" అని మాత్రం అడిగింది.

"ఉంట అవ్వా. బయటికొచ్చినంక ఫోన్ జేస్త."

ఆమె ఇంటికొచ్చి, పిడిని ఒడిలో పెట్టుకుని గడపలో కూర్చుంది. తూము తీసే పొద్దయింది, లేవలేదు. రైతులు వచ్చారు, లేవలేదు. దుబాయి సముద్రానికీ మన చెరువుకూ ఏం సంబంధమని నవ్వినవాళ్ళు మర్నాటికి నవ్వడం మానేశారు, పొట్ట మీదున్న వరికి నీళ్ళు తప్పితే గింజ తాలు పోతుంది మరి. మడి గట్ల వెంట నెర్రెలు కనిపించాయి. అయినా పిడి గుంజుకోవడానికి ఎవరికీ చేతులు రాలేదు, తాత దిగిన చోటు అందరికీ తెలుసు. అమ్మ కాసేపు నాయినమ్మను బతిమాలేది, కాసేపు వచ్చినవాళ్ళ మీదే విరుచుకుపడేది. నాకైతే నాయిన చచ్చిపోతాడేమోనని భయం, ఊళ్ళో వరి చచ్చిపోతుందేమోనని భయం. మైసమ్మకు ముందు దేని గురించి మొక్కుకోవాలో తెలియక ఊరికే చేతులు జోడించి వచ్చేదాన్ని.

చివరికి పటేలే వచ్చాడు. మా వాకిట్లో ఎన్నడూ కూర్చోని మనిషి అరుగు మీద చతికిలబడి, ఊరు ఆగమవుతోందని, తన మళ్ళు కూడా ఎండుతున్నాయని, అరవకుండా చెప్పాడు.

"ఆ నీళ్ళు వేరు, మన నీళ్ళు వేరు మల్లమ్మా. జర సమజ్ జేసుకో."

"నీళ్ళు నీళ్ళే పటేలా. లోపట మనిషున్నడు."

పటేలు లేచాడు. ఇంటికి పోయి ఫోను పక్కనే మంచం వేయించుకున్నాడట. అన్నం అక్కడే, పంచాయితీలు అక్కడే. చుట్టాలెవరైనా క్షేమం అడగడానికి ఫోను చేస్తే తిట్టి పెట్టేసేవాడట.

ఒక మధ్యాహ్నం పటేలు తానే ఉరుక్కుంటూ వచ్చాడు, ఒక కాలికి చెప్పు లేదు. నాయినమ్మ పిడితో సహా లేచింది. ఫోనులో గరగరల మధ్య నాయిన గొంతు, పక్కనున్న నాకు కూడా వినబడేంత గట్టిగా, "వచ్చిన అవ్వా" అంది. ఆమె ఇంకేమీ అడగలేదు. ఫోను నా చేతిలో పెట్టి కట్ట దిక్కు నడిచింది, పటేలు ఆమె వెనకాలే నడిచాడు. నీళ్ళు ఇప్పుడు పైనున్నాయా అని నేను నాయినను అడిగాను. పైనే ఉన్నాయట. సొరంగం కట్టడంతో పని అయిపోదట, ఎంత గట్టిగా కట్టినా లోపల సన్నగా ఊరుతూనే ఉంటుందట, ఆ ఊటను ఎప్పటికప్పుడు తోడుతూ ఉండాలట. నాయినను ఆ పనికే ఉంచుకున్నారు.

"రేపు పొద్దుగాల మల్ల లోపటికే బిడ్డా" అన్నాడు.

ఈ మాట నాయినమ్మకు చెప్పాలా వద్దా? నేను కట్ట దాకా ఉరికాను. అప్పటికే కాలువలో నీళ్ళు పారుతున్నాయి, మగవాళ్ళు పారలు పట్టుకుని మళ్ళలోకి పరుగెత్తుతున్నారు, నాయినమ్మ తూము మీద కూర్చుని కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తోంది. నాకూ ఏడుపు ఆగలేదు. ఆ మాట నేను ఆమెకు చెప్పలేదు, చెప్పకపోవడం సరైందేనా అంటే ఇవాళ్టికీ తేల్చుకోలేను.

నాయిన కొన్నేళ్ళకు తిరిగొచ్చాడు. మొదటి పూట అన్నం తింటుంటే, ఎదురుగా కూర్చుని విసనకర్రతో విసురుతున్న నాయినమ్మ, ఆ దీవిలో ఏముందిరా అని అడిగింది. నాయిన ముద్ద చేతిలో పట్టుకుని ఆలోచించాడు.

"తెల్వదవ్వా. అవతలి మూతి కాడికి పోంగనే మమ్ముల మళ్ళగొట్టెటోళ్ళు."

నాయినమ్మ మొహంలో అంత అయోమయం నేను ఎన్నడూ చూడలేదు. ఊరి పంటను అడ్డం పెట్టి ఎవరికోసం కూర్చుందో ఆ కొడుకు, అన్నేళ్ళు సముద్రం కింద నీళ్ళు తోడినవాడు, ఆ దారి పోయి చేరే చోటు చూడనేలేదు. ఆమె ఇంకింత పప్పు వడ్డించింది.

ఇప్పుడు నాయినమ్మ లేదు, పటేలు లేడు, నీరటి ఇల్లన్న పేరూ లేదు. గోదావరి నీళ్ళు గుట్టల కింది సొరంగాల్లోంచి వచ్చి మా చెరువులో పడుతున్నాయి, ఎప్పుడు విడవాలో ఎక్కడో కూర్చుని ఎవరో చెబుతారు. నాయిన రఘునాథపల్లిలో నా దగ్గరే ఉంటున్నాడు. మొన్నామధ్య ఎవరో ఆ సొరంగంలో కారు నడుపుతూ తీసిన వీడియో కనబడితే ఆయనకు చూపించాను. కళ్ళద్దాలు పెట్టుకుని, ఫోను మీదికి వంగి, గోడల అతుకులు కనబడిన చోటల్లా వేలు పెట్టి, ఇది మేం చేసిందేనని చిన్నపిల్లాడిలా సంబరపడ్డాడు. కారు పైకి ఎక్కుతోంది, ముందు తెల్లటి వెలుతురు కనబడుతోంది, ఇంకాస్త ఆగితే దీవి. ఇన్నేళ్ళకైనా చూస్తాడు గదా అని నేను ఫోను మరింత దగ్గరికి పట్టుకున్నాను. నాయిన కళ్ళద్దాలు తీసేసి, ఫోనును మెల్లగా నా వైపు నెట్టాడు.

"సాలు బిడ్డా. మనది గీడిదాకనే."