గ్రీకు సముద్రం మీద కవిటిలో తగువు

మా బావ పుస్తకానికి ముందుమాట రాయనని చెప్పడానికే నేను కవిటి బయల్దేరాను. ఆ ముక్క ఫోన్లో చెప్పేస్తే పోయేది. కానీ ఏళ్ళ తరబడి విశాఖపట్నంలో పిల్లలకి భాషాశాస్త్రం చెప్పినదాన్ని. తప్పుని తప్పనాలంటే ఎదురుగా కూర్చుని అనడమే నాకు అలవాటు. అదీగాక మా బావతో తగువు ఫోన్లో ఆడితే ఏం సరదా?

బావంటే మా మేనత్త కొడుకు లోకనాథం. కవిటి దగ్గర హైస్కూల్లో సోషల్ మాస్టారు. కిడ్నీలు పాడైపోయి, ఉద్యోగానికి సెలవు పెట్టి, వారానికి మూడుసార్లు పలాస వెళ్ళి డయాలసిస్ చేయించుకుంటున్నాడు. ఆ మిషను పక్కన పడుకున్న గంటల్లోనే ఒక పుస్తకం రాసి పడేశాడు. ప్రాచీన గ్రీకులో మూలం తెలియని మాటలన్నీ తుర్కిక్ భాషల నుంచి వచ్చాయని అందులో వాదన. తుర్కిక్ అంటే ఇవాళ్టి టర్కీ వాళ్ళ భాష, ఉజ్బెక్, కజక్ లాంటివి కలిసిన కుటుంబం. నల్లసముద్రానికి పైనున్న గడ్డిమైదానాల్లోంచి గుర్రాల మీద వచ్చినవాళ్ళు గ్రీకులకి మాటలిచ్చి పోయారంటాడు. కవిటి కొబ్బరితోటలో కూర్చుని అంత దూరం ఎలా వెళ్ళావు బావా అని అడిగితే, "నువ్వు ఆ యూనివర్సిటీలో కూకుని మా కవిటి యాస మీద వ్యాసాలు రాయనేదేటి?" అని నా నోరు మూయించాడు.

శనివారం పొద్దున్నే పలాస పాసింజరు ఎక్కాను. ఈ దారిన వెళ్ళేవాళ్ళు కుడివైపు కూర్చోండి, ఎండ కాస్త మొహాన కొట్టినా సరే. శ్రీకాకుళం రోడ్డు స్టేషన్లో ఇడ్లీ పొట్లం కొనుక్కోవచ్చు, చట్నీ మాత్రం చూసి విప్పండి, నా చీర మీద సగం పోయింది. ఎదురుగా ఖాళీ గంపతో కూర్చున్న ఒకామె ఆ మరక తుడుచుకోడానికి తన నీళ్ళసీసా ఇచ్చి, "ఏవూరెల్తన్నారమ్మా?" అంది. కవిటి అన్నాను. "కవిటా? ఎవులికి బాగోనేదు?" అని వెంటనే అడిగింది. ఇంటింటా కిడ్నీ రోగమున్న ఉద్దానం ఊరాయె, పెళ్ళికో పేరంటానికో వెళ్తున్నానని ఆవిడకి తోచనే లేదు. మా బావకి అని చెబితే నాలుక చప్పరించింది.

తిలారు దాటాక తెల్లటి ఉప్పుమడులు కనబడ్డాయంటే నౌపడా వచ్చినట్టే. అక్కడ దిగి షేరాటోలో టెక్కలి వెళ్ళాను. బావ పుస్తకం అక్కడే ఒక చిన్న ప్రెస్సులో కంపోజవుతోంది, ప్రూఫులు పట్టుకురమ్మన్నాడు. ప్రెస్సాయన కుర్చీ వేసి టీ తెప్పించాడు. చదివారా అని అడిగాను.

"సదివేనమ్మా. మాస్టారు రాసిందంతా నిజమే."

"ఏది నిజం?"

"అన్నీని." తర్వాత గొంతు తగ్గించాడు. "ఒంట్లో బాగోనోళ్ళతోటి కాదు గీదు అని అనకూడదు కదమ్మా. మీరు ముందుమాట ఇచ్చీండి, బేగి అచ్చుకెక్కించేత్తాను."

నాకు ఒళ్ళు మండింది. ఒక మనిషి ఇంత కష్టపడి తప్పు రాస్తే, తప్పని చెప్పేవాడు ఈ జిల్లాలో ఒక్కడు లేడా అనుకుంటూ పలాస బస్సెక్కాను. ప్రూఫులు ఒళ్ళో పెట్టుకుని దారంతా ఎర్రపెన్నుతో గీతలు గీస్తూనే ఉన్నాను.

పలాసని ఆనుకున్న కాశీబుగ్గ చేరేసరికి మధ్యాహ్నమైంది. జీడిగింజలు కాల్చే పొగ బస్టాండులోనే ముక్కుకి తగుల్తుంది, కొత్తవాళ్ళకి దగ్గొస్తుంది. మెస్సులో చేపల పులుసుతో అన్నం తిని ఆస్పత్రికి వెళ్ళాను. బావ లోపల మిషను మీద ఉన్నాడు. ఆయన భార్య దమయంతక్క వరండాలో చాప మీద కూర్చుని ఉంది. నన్ను చూడగానే లేచొచ్చి రెండు చేతులూ పట్టుకుంది.

"సెల్లీ, ముందుమాట బాగా రాసేవా?"

"రాయడానికేం లేదక్కా. అది తప్పుల తడక."

"అలగనీకు. నీ కాళ్ళట్టుకుంతాను, బాగుందని రాసీ."

అప్పుడు సంగతంతా చెప్పింది. తన కిడ్నీ ఒకటి ఆయనకి ఇవ్వడానికి దమయంతక్క ఎప్పుడో సిద్ధపడింది. మొదటి పరీక్షల్లో సరిపోయిందన్నారు కూడా. మిగతా పరీక్షలకి ఇద్దర్నీ విశాఖపట్నం రమ్మని సోమవారానికి పేరు రాశారు. ఇంతకుముందు పిలిచినప్పుడల్లా బావ ఏదో వంక పెట్టి ఎగ్గొట్టాడు. "పుస్తకం అవనీ, అప్పుడు సూద్దాం అంతన్నాడు. నీ ముందుమాట కోసరమే ఆగిపోనాదట. నువ్వు రాసీస్తే పుస్తకం అయిపోద్ది, మనిషి నా ఎనకాల ఒచ్చెత్తాడు," అంది.

నా నోటికి ఎప్పుడూ అడ్డు లేదంటారు మావాళ్ళు. ఆ వరండాలో మాత్రం తప్పుల తడకన్న మాట వెనక్కి తీసుకున్నాను. ఒక మనిషి ప్రాణం ముందు గ్రీకు మాటల లెక్కెంత? రాసేద్దాం, నాలుగు వాక్యాలేగా, ఈ పుస్తకం చదివి ఏథెన్సు నుంచి ఎవరూ నా మీద కేసు పెట్టరు కదా అని నిశ్చయించుకున్నాను. ప్రూఫుల మీద ఎర్రగీతలు బావకి కనబడకుండా సంచీ అడుక్కి తోసేశాను.

బావ బయటికొచ్చేసరికి సాయంత్రమవుతోంది. మొహం వాడిపోయి ఉంది, నవ్వు మాత్రం పాతదే. "ఏటే మరదలా, చీర మీద ఆ మరకేటి? గ్రీకు సట్నీయా?" అన్నాడు. ముగ్గురం సోంపేట మీదుగా కవిటి వెళ్ళే బస్సెక్కాం. ఎక్కగానే ఇద్దరు లేచి ఆయనకి సీటిచ్చారు. డ్రైవరు గతుకుల దగ్గర నెమ్మది చేశాడు. కండక్టరు పుస్తకం సంగతి అడిగితే బావ గుర్రాలవాళ్ళ కథ ఎత్తుకున్నాడు. "అవును మాస్టారూ, తుర్కీవోళ్ళే ఇచ్చుంతారు," అన్నాడు కండక్టరు. వెనక సీటులో కొబ్బరికాయల వ్యాపారి కూడా అవునన్నాడు. మా బావ నోటికి జడిసి ఒకప్పుడు పక్క మండలం వాళ్ళు కూడా ఎదురు చెప్పేవారు కారు. ఇప్పుడు జడుపు లేదు, జాలి. ఇది నాకు అంతకంటే కష్టంగా తోచింది. బావ కాసేపటికి మాట ఆపేసి కిటికీలోంచి జీడితోటలు చూస్తూ కూర్చున్నాడు.

ఆ రాత్రి వాళ్ళింట్లోనే పడుకున్నాను. ఉద్దానం చూడాలనుకునేవాళ్ళు హోటళ్ళ కోసం ఇచ్ఛాపురమో పలాసో వెళ్ళాలి. కవిటిలో చుట్టాలుండాల్సిందే, లేకపోతే చేసుకోండి.

ఆదివారం పొద్దున్న బావే బయల్దేరదీశాడు, సముద్రం చూద్దువుగాని రమ్మని. కొబ్బరితోటల మధ్య సన్నటి రోడ్డు మీద ఆటోలో కాసేపటి ప్రయాణం. ఒడ్డున ఒకతను నాకు కొబ్బరిబొండం కొట్టి ఇచ్చాడు. బావకి అది పనికిరాదు, డాక్టర్లు వద్దన్నారు. చుట్టూ కొబ్బరిచెట్లున్న ఊళ్ళో పుట్టి, నేను తాగుతుంటే పక్కకి చూస్తూ నిలబడ్డాడు. సగం తాగి బొండం వెనక్కిచ్చేశాను. పాలెం జనం వల లాగుతున్నారు, ఆడవాళ్ళు గంపలు పట్టుకుని కూర్చున్నారు. కొన్నేళ్ళు గుజరాత్‌లో వేరావల్ బోట్ల మీద ఖలాసీగా చేసి వచ్చినాయన ఒకడు మాస్టారికి పడవ నీడలో గోనెపట్టా పరిచాడు.

"ముందుమాట రాసీసేవేటి?" అన్నాడు బావ కూర్చుంటూ.

"రాసేస్తాను. బాగుంది బావా."

"ఏటి బాగుంది?"

"అంతా బాగుంది."

బావ చీవాట్లు తిన్నట్టు తల దించుకుని ఇసక గీకాడు. "నువ్వూ అలగే అనీసినావు. అయితే డాక్టర్లు నాకు సెప్పనిదేదో నీకు సెప్పినట్టున్నారు," అన్నాడు.

"అదేం మాట!"

"ఉన్నమాట. బాగునేనోడితోనే ఎవులూ తగువాడరు. సరే, మంచిదే అయినాది. పుస్తకం అచ్చయిపోతే నా పని అయిపోనట్టే. దమయంతి నాకోసం ఒళ్ళు కోయించుకోడం దేనికి? ఇంక నాను సేసేదేటుంది గనక?"

అప్పుడు నాకు సంగతి అర్థమైంది. పుస్తకం అయ్యాక ఆస్పత్రికి వస్తాడని అక్క అనుకుంటోంది. ఈయన పుస్తకం అయ్యాక పోదామని చూస్తున్నాడు. నేను రాయబోయే ఆ నాలుగు వాక్యాలూ ఆయన్ని సాగనంపే వాక్యాలు! భయం వేసింది, ఆ వెనకే కోపం వచ్చింది. సంచీ అడుగునున్న ప్రూఫులు బయటికి లాగి ఆయన ఒళ్ళో పడేశాను.

"పని అయిపోయిందా? మొదలుపెట్టనే లేదు నువ్వు! గ్రీకుల సముద్రం థలస్సా, పాత తుర్కిక్‌లో తలుయ్, రెండింటి చప్పుడూ కలిసింది కాబట్టి గ్రీకు మాట తుర్కిక్ మాటకి పిల్ల అంటావా? అలా అయితే ఇదిగో, ఈయన ఖలాసీ, అది థలస్సా, ఈ పాలెం వాళ్ళందరూ గ్రీకులేనా?"

ఖలాసీ తుళ్ళిపడి మా వైపు చూశాడు. బావ తలెత్తాడు. "అది అరబ్బీ మాట. ఆ మాత్రం నాకు తెల్దేటి?"

"తెలుసు కదా! మరి తుర్కిక్ రాత మనకి దొరికేది గ్రీకు రాతకి వెయ్యేళ్ళు దాటాకనే. ఆ తలుయ్ కూడా చైనా నుంచి అరువు తెచ్చుకున్నదేమోనని అనుమానం. నీ గుర్రాలవాళ్ళు మాట్లాడింది తుర్కిక్ కాదు, ఇరాన్ వైపు భాషని ఎక్కువమంది అంటారు. ఎవరు ఎవర్ని ఎప్పుడు కలిశారో చూపించకుండా చప్పుడు కలిసిందని చుట్టరికం కలిపేస్తావా? నా క్లాసులో అయితే సున్నా వేసి బయట నిలబెట్టేదాన్ని!"

"ఆగాగు!" బావ మోకాళ్ళ మీద లేచాడు. మొహంలోకి నెత్తురు వచ్చింది. "గ్రీకులైనా సముద్రంలో పుట్టినోళ్ళేటి? ఉత్తరాన్నించి నేల మీద నడిసొచ్చినోళ్ళు. సముద్రం మాట ఎవులో ఒకరి కాడ తెచ్చుకోవాలా, అక్కర్నేదా? సెప్పు!"

"తెచ్చుకోవాలి. ఆ ప్రశ్న సరైనదే. కానీ ఆ నేల మీద వాళ్ళకంటే ముందున్నవాళ్ళ దగ్గర తెచ్చుకున్నారు. వాళ్ళ భాష పేరు కూడా మనకి తెలీదు. నీ పట్టికలో సగం మాటలు అలాంటివే. నువ్వు ఆ పట్టిక ఉంచి గుర్రాల్ని తోలేయాలి బావా."

గొంతులు పెరిగిపోయాయి. వల దగ్గరున్న ఒక పెద్దావిడ గంప దించి మా దగ్గరికొచ్చింది. "ఏటమ్మా నువ్వు, సదూకున్నదానివి, ఒంట్లో బాగోని మనిషితోటి ఆ తగువేటి?" అని నన్ను కసిరింది.

"ఆడనీ పిన్నీ, ఆడనీ. నాతోటి తగువాడి ఎన్నాళ్ళయినాదో!" అన్నాడు బావ. నవ్వుతున్నాడు, కళ్ళు తడిగా ఉన్నాయి. నా కళ్ళూ అలాగే ఉన్నాయని దాచడం దేనికి?

పెద్దావిడ వెళ్ళాక ప్రూఫులు ఒక్కో కాయితం తిప్పి ఎర్రగీతలు చూశాడు. "ఇదంతా మళ్ళీ రాయాలంటే ఎన్నాళ్ళడతాది?"

"ముందు గ్రీకు నేర్చుకోవాలి. నేను చెప్తాను. ఆ తర్వాత రాయాలి. రెండేళ్ళు తక్కువ కాదు."

"రెండేళ్ళే!"

"మూడైనా ఆశ్చర్యం లేదు. నీకు తలకెక్కడం ఆలస్యం. కానీ నేను బతికున్న విద్యార్థికే పాఠం చెప్తాను బావా, ఫోటోకి చెప్పను."

ఆయన లేచి నిలబడ్డాడు. కాయితాలు చుట్ట చుట్టి చంకలో పెట్టుకుని, ఆటోవాణ్ణి పిలిచాడు. ఎక్కాక అడిగాడు, విశాఖపట్నం బండి ఎన్నింటికని.

ఇంటికెళ్ళి ముందుమాట రాయలేదని చెప్పగానే దమయంతక్క నా మీద విరుచుకుపడింది. పక్కనే బావ బీరువా తెరిచి చొక్కాలు తీయడం చూసి సగంలో ఆగిపోయింది. తర్వాత గబగబా వంటింట్లోకి వెళ్ళి తలుపు వేసుకుంది. ఏడవడానికనుకున్నాను. కాసేపటికి పులిహోర కలిపి డబ్బాలో పెట్టుకుని వచ్చింది.

మధ్యాహ్నం సోంపేట స్టేషన్లో ముగ్గురం బండెక్కాం. తిరుగు ప్రయాణానికి ఎడమవైపు కూర్చోవాలి, ఆ వైపు సీట్లు దొరకలేదు. పలాసలో జీడిపప్పు పొట్లాలమ్ముతూ ఎక్కారు, రెండు కొన్నాను. ఉద్దానం వెళ్ళేవాళ్ళకి చాలామంది చాలా చెప్తారు: కొబ్బరి, పనస, జీడి, సముద్రం. అన్నీ నిజమే, చూసి తీరాలి. నాకు మాత్రం ఆ నేల మీద జాలి ఎక్కువై, తగువు కరువైపోయిందనిపించింది. అక్కడ మీకు చుట్టమో స్నేహితుడో మంచాన ఉంటే పళ్ళు పట్టుకెళ్ళకండి, అవి ఎలాగూ తినకూడదు. ఆయన తప్పు చెప్తే తప్పని చెప్పండి.

నౌపడా దాటేవరకూ బావ ఎర్రగీతల్లోనే తల దూర్చి ఉన్నాడు. తర్వాత కాయితాలు నాకిచ్చేసి దమయంతక్క వైపు తిరిగాడు. ఇన్ని నెలలుగా ఆవిడ ఎత్తినప్పుడల్లా తను లేచి వెళ్ళిపోయేవాడు, ఆ ఆపరేషన్ మాట ఇప్పుడు తనే ఎత్తాడు.

"కోసినప్పుడు నీకు నొప్పి బాగా ఉంతాదంటావా?"

అక్క పులిహోర డబ్బా మూత తీస్తూ ఆగింది. "ఉంతాది కావాల. ఎందుకూ?"

"ఏం నేదు. నాకు బయ్యమేస్తంది."

"నాకూ ఏస్తంది," అంది అక్క. ఆయన చేతిలో పులిహోర పెట్టింది. "తిను."