బోరు పొడితో నా ప్రాక్టికల్ పరీక్ష

రేపు నాకు జియాలజీ ప్రాక్టికల్స్. బల్ల మీద నంబర్లు వేసిన రాళ్ళు పెడతారు, చూసి పేర్లు రాయాలి. పొద్దుటి నుంచి నోట్సు తిరగేస్తున్నా క్వార్ట్జ్‌కీ ఫెల్డ్‌స్పార్‌కీ తేడా బుర్రకెక్కలేదు. అవతల గూళూరు దగ్గర మా చేలో బోరు వేస్తున్నారు. ఇది మూడోది. ముందు వేసిన రెండూ ఎండిపోయాయి.

సాయంత్రం నాయన చేలోకి రమ్మని ఫోన్ చేశాడు. వెళ్ళేసరికి, రాడ్డు దిగినప్పుడల్లా పైకొచ్చిన రాతిపొడిని గుప్పెడు తీసి గట్టు మీద వరసగా కుప్పలు పెట్టి ఉన్నారు. నాయన చివరి కుప్ప చూపించాడు.

“నువ్వు సదివేది రాళ్ళ సదువే గదమ్మా. ఇంగా దించమని చెప్పల్లా, నిలిపేయల్లా? బోరు బండాయన అడగతాండాడు.”

ఆ పొడిని అరచేతిలో వేసుకున్నాను. నోట్సులో ఎక్కని పాఠం అక్కడ ఎక్కింది. గాజులా మెరిసేది క్వార్ట్జ్. గులాబీ రంగుది ఫెల్డ్‌స్పార్. నల్లటి రేకులు అభ్రకం. తడి మాత్రం ఎక్కడా లేదు. మిగతా కుప్పలు కూడా ఒక్కొక్కటే చూశాను. అన్నీ అంతే.

“గట్టి గ్రానైట్ నాయనా. నీళ్ళొచ్చే బీటలున్నట్టు లేవు,” అన్నాను.

నాయన నిలిపేయమని బండాయనకు చెయ్యి ఊపాడు.

“పోనీలేమ్మా. రేపు ఇదే రాయి ఇస్తే నీకు మార్కులొస్తాయి.”

ఇంటికొచ్చాక పుస్తకం ముట్టుకోలేకపోయాను. కుప్పల ఫోటో కింద పెట్టాను. జియాలజీ చదివినవాళ్ళెవరైనా ఉంటే చూసి, నా జవాబు తప్పని రాయండి. రేపు ఫెయిలైనా ఫర్వాలేదు.