నోరు తిరగని ఇల్లు

మామ్మ పోయిందని సార్ ఫోన్ చేసి చెప్పారు. షార్జాలో, రోలా పేటలో, నలుగురం సర్దుకుని ఉండే గదిలో ఉల్లిపాయలు తరుగుతున్నాను. నా ఏడుపు చూసి పక్క మంచం అక్క "ఎవరే పోయింది?" అంది. మామ్మ అన్నాను. "మీ మామ్మ పోయి చాన్నాళ్లయ్యింది గదే" అంది.

ఈవిడ సార్ వాళ్లమ్మ, సెర్బియా మనిషి. అబుదాబిలో కొడుకు దగ్గరికి వస్తే, చూసుకోవడానికి నన్ను పెట్టారు. వాళ్ల భాషలో నానమ్మని ‘బాబా’ అంటారట. ఆడమనిషిని బాబా అనడానికి నోరు రాక మామ్మా అనేదాన్ని. ఆ పిలుపుకే పలికేది.

ఊసుపోక నాకు మాటలు నేర్పేది. గుండెను వాళ్లు ‘సర్‌త్సె’ అంటారు. ఆ ‘త్స’ మన చాపలో చ లాంటిదే కాబట్టి మొదటిసారే వచ్చేసింది. మురిసిపోయి నా బుగ్గ గిల్లింది. ‘కుచే’ దగ్గర మాత్రం నా పని అయిపోయింది. ఇళ్లనూ కుచే అంటారు, కుక్కపిల్లనూ కుచే అంటారు. ఆ రెండు ‘చ’లూ వేరు. మీకు రాసి చూపిద్దామన్నా మన అక్షరాల్లో ఆ తేడా లేదు. ఇళ్లు అనాలంటే నాలుక కొన కింది పళ్లకు ఆనాలి. మామ్మ తన కింది పళ్ల మీద వేలు పెట్టి చూపించేది. మా ఊళ్లో ఇళ్ల గురించి నేనేం చెప్పబోయినా కుక్కపిల్లలే వచ్చేవి. పడీపడీ నవ్వేది. "తొందరేం, నోట్లో బోలెడు చోటుంది" అనేది, తనకొచ్చిన కాస్త ఇంగ్లీషులో. పరాయి ఇంట్లో నా మాట అంత ఓపిగ్గా విన్నది ఆవిడొక్కతే.

కరోనాతో విమానాలు ఆగిపోయిన రోజుల్లో పక్షవాతం వచ్చి ఆవిడ మూతి వంకరపోయింది. మాటల్లో మిగిలింది ‘కుచే’ ఒక్కటే. అదీ నాలాగే, కుక్కపిల్లలా పలికేది. సార్ బొమ్మ కుక్కపిల్లను తెచ్చి ఒళ్లో పెట్టారు. ఉండబట్టలేక "ఇల్లు అంటున్నారు సార్" అన్నాను.

"తెలుసు" అన్నారాయన. "ఇంటికి ఎలా తీసుకెళ్లను? కుక్కపిల్లయితే తేగలను."

నాకు కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియలేదు.

ఆఖరికి మామ్మను ఆసుపత్రికి తీసుకెళ్లే రోజు, లోపలికి నన్ను రానివ్వరన్నారు. అంబులెన్సు కింద ఆగి ఉంది. మామ్మ బాగున్న చేత్తో నా మాస్కు కిందికి లాగి, నా కింది పళ్ల మీద వేలు పెట్టింది. తన మాట నన్ను అనమంటోంది. నాలుక ఆనించి, జాగ్రత్తగా అన్నాను.

కుక్కపిల్లే వచ్చింది.

మామ్మ వేలు తియ్యలేదు. మళ్లీ అనమన్నట్టు నా నోటివంకే చూస్తోంది.